వన్ స్టాప్ సెంటర్: ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకే నాలుగు స్టార్లు

మా జిల్లా కేంద్రంలో హింసకి గురైన ఆడవాళ్ల కోసం ఉన్న వన్ స్టాప్ సెంటర్ ఇది, చాలాచోట్ల సఖి అంటారు, 2015లో మొదలైన స్కీమ్. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే అడ్రస్ చెప్పారు గానీ ఆటో అతనికి తెలియలేదు, పెద్దాసుపత్రి వెనక గేటు అంటే అప్పుడు దొరికింది. బోర్డు చెట్టు కొమ్మల్లో దాక్కుంది.

అక్కది పదకొండేళ్ల కాపురం. బావ కొట్టేది ఎప్పుడూ తల మీదే, జుట్టు పట్టుకుని గోడకేసి. జుట్టు కింద దెబ్బ ఎవరికి కనపడుతుంది! ఏడాదిగా పప్పులో ఉప్పు రెండుసార్లు వేయడం, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, ట్యూబ్‌లైట్ వేస్తే కళ్లు మూసుకోవడం. అత్తగారింట్లో మతి లేనిదని పేరు పెట్టారు, మతి పోయేలా కొట్టిందెవరో మాత్రం అడక్కూడదు. ముందు చూపించిన ప్రైవేటు ఆసుపత్రిలో సీటీ స్కాన్ నార్మల్, టెన్షన్ తగ్గించుకోమ్మా అని నిద్రమాత్రలు రాశారు. బావ పక్కనే నిలబడి ఉంటే జారిపడ్డానని చెప్పింది అక్క, ఇంకో మాట అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ కౌన్సెలర్ మేడమ్ నన్ను కూడా బయట కూర్చోబెట్టారు. గొంతు పట్టుకున్నాడా ఎప్పుడైనా, కళ్లు బైర్లు కమ్మి స్పృహ తప్పిందా అని అడిగారట. గొంతు నొక్కితే పైకి మరక కూడా ఉండకపోవచ్చు, లోపల మెదడుకి రక్తం ఆగిపోతుంది. వెంటనే పెద్దాసుపత్రిలో న్యూరాలజీకి పంపారు. రక్తం గడ్డకట్టడం, ఎముక విరగడం సీటీలో కనిపిస్తాయి, మెదడు అదిరిన దెబ్బ చాలాసార్లు కనపడదు అన్నారు అక్కడి డాక్టర్. బైక్ చప్పుడుకి వణకడం భయం వల్ల, మరుపు దెబ్బ వల్ల అని నేను లెక్కలు వేస్తుంటే, నిద్ర లేకపోవడం, చిరాకు, మరుపు రెండింట్లోనూ ఉంటాయి, రెండింటికీ వైద్యం కావాలన్నారు.

గృహహింస చట్టం కింద రాసే రిపోర్టు దగ్గర అక్క తేదీలు కలిపేస్తుంటే ఎవరూ విసుక్కోలేదు. లైటు తీసేసి, కిటికీ తెరిచి, పావుగంటకోసారి ఆపి, మిగతాది మర్నాడు రాశారు. గుర్తులేనిది గుర్తులేదనే రాశారు, లేకపోతే రేపు కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది దాన్నే. ఎప్పుడు రావాలో, ఏ రూమో, ఏ మాత్రో పెద్ద అక్షరాలతో చీటీ ఇస్తే అక్క ఫోన్ కవర్ వెనక పెట్టుకుంది.

ఒక స్టార్ ఎందుకు తీశానంటే, ఉండనిచ్చేది ఐదు రోజులే, తల తిరుగుతున్న మనిషి ఐదు రోజుల్లో ఏం తేల్చుకుంటుంది? రాత్రిపూట కౌన్సెలర్ ఉండరు. బాత్రూమ్‌లో పట్టుకోడానికి ఏమీ లేదు, అక్క ఒకసారి తూలింది కూడా.

డబ్బులేం అడగరు. గొంతు నొక్కాక మింగడం కష్టమైనా, మాట తడబడినా, వాంతులైనా ముందు ఎమర్జెన్సీకే వెళ్లండి. పాత స్కాన్లు, మందుల చీటీలు జిరాక్స్ తీయించుకుని రండి, ఎదురుగా ఉన్న షాపు మధ్యాహ్నం మూసేస్తాడు.