తెలుగు సబ్‌టైటిల్స్ అని చూసి ఈ యానిమేషన్ సినిమా కొనకండి

న్యూజెర్సీలో మా పక్కింటి యూదు కుటుంబంలో తాతగారు పోయారు. పరామర్శకు వెళ్ళేముందు మా తొమ్మిదేళ్ళ పాపకు వాళ్ళ పద్ధతులు కాస్త తెలియాలని, తాత మరణం మీద తీసిన ఒక చిన్న యానిమేషన్ సినిమాను ఆన్‌లైన్‌లో 6 డాలర్లు పెట్టి కొన్నాను. "తెలుగు సబ్‌టైటిల్స్‌తో" అని పెద్దక్షరాల్లో ఉంది. మా అత్తయ్యగారు కూడా చూడొచ్చని అదే తీసుకున్నాను.

సినిమా మంచిదే, బొమ్మలు ఎంతో బాగా గీశారు. సబ్‌టైటిల్సే ఘోరం. మెషిన్‌తో చేయించి, ఒక్కరైనా చదివి చూడకుండా అంటించేశారు.

యూదులు ఖననం అయ్యాక ఏడు రోజులు ఇంట్లోనే సంతాపంలో కూర్చుంటారు. దాన్ని షివా అంటారు, హీబ్రూలో ఏడు అని. మనకు మైల రోజుల్లాగే. అద్దాలకు గుడ్డలు కప్పుతారు, ఎత్తు తక్కువ స్టూళ్ళ మీద కూర్చుంటారు. వాళ్ళు పలకరించేదాకా వచ్చినవాళ్ళు మాట మొదలుపెట్టకూడదు. సినిమాలో అమ్మ షివా గురించి చెబుతుంటే కింద "మేము శివుడిని కూర్చోబెడుతున్నాము" అని పడింది. అత్తయ్యగారు పాపం నిజమే అనుకుని, వీళ్ళూ శివపూజ చేస్తారా అని అడిగారు.

తండ్రి పోయిన కొడుకు ఎడమవైపు, గుండె దగ్గర, చొక్కా చింపుకునే ఆచారం ఉంది. తెర మీద బట్ట చిరుగుతుంటే కింద "గుండె మీద కన్నీరు" అని ఉంది. ఇంగ్లీషులో చిరుగుకీ కన్నీటికీ స్పెల్లింగ్ ఒకటే, అందుకే ఆ తప్పు.

కద్దిష్ దగ్గర మాత్రం నాకు ఏడుపొచ్చింది. సమాధి దగ్గర కొడుకు చదివే ప్రార్థన అది, చాలావరకు అరామిక్ భాషలో ఉంటుంది. అందులో చావు ఊసే రాదు, మొత్తం దేవుడి నామాన్ని కీర్తించడమే. పాపకు ముఖ్యంగా అదే చూపించాలనుకున్నాను. మనవడు నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఆ సీన్ అంతా కింద "[సంగీతం]" అని ఒక్క ముక్క!

డబ్బు వెనక్కి అడిగితే, డౌన్‌లోడ్ అయ్యాక రీఫండ్ లేదని ఒక్క లైనులో జవాబిచ్చారు. క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి ఈ మూడు సీన్ల స్క్రీన్‌షాట్లు పెట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను.

ఇలాంటివి కొనేవాళ్ళు ముందు ఒక నిమిషం ముక్కైనా తెలుగు సబ్‌టైటిల్స్‌తో చూపించమనండి. అనువాదకుల పేరు ఉందో లేదో చూసుకోండి. ఇప్పటికే కొనేసినవాళ్ళు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, పిల్లలకు మీరే చెబుతూ చూపించండి. అవి సరిగ్గానే ఉన్నాయి, కద్దిష్ అర్థం కూడా అందులో ఇచ్చారు.