డి3 జావాస్క్రిప్ట్ లైబ్రరీ: పదేళ్లకు పైగా వాడాక

బ్రౌజర్‌లో డేటాని బొమ్మలుగా చూపించే డి3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని నేను 2014 నుంచి వాడుతున్నాను, అప్పటికి మూడో వెర్షన్ నడుస్తోంది. మొదటి వారం అస్సలు నచ్చలేదు. చార్టుల లైబ్రరీ అన్నారు కదా అని తెరిస్తే అందులో బార్ చార్ట్ అనేదే లేదు, లైన్ చార్ట్ లేదు. ఉన్నవల్లా అంకెలను స్క్రీన్ మీది కొలతలుగా మార్చే స్కేళ్లు, అక్షాలు, ఆకారాల గీతలు లెక్కగట్టే ఫంక్షన్లు, పేజీలోని ఎలిమెంట్లను డేటాతో ముడిపెట్టే పద్ధతి. ఆరు బార్లు గీయడానికి ఒక పూట పట్టింది. ఇన్నేళ్లుగా దాన్ని వదలకపోవడానికి కారణం ఏమిటంటే మళ్లీ అదే చెప్తాను, రెడీమేడ్ చార్టులు లేకపోవడమే.

దీన్ని 2011లో స్టాన్‌ఫర్డ్‌లో మైక్ బోస్టాక్, వాడిమ్ ఒగియెవెట్స్కీ, జెఫ్రీ హీర్ తెచ్చారు. వాళ్లలో ఇద్దరు అంతకుముందు చేసిన ప్రోటోవిస్ అనే లైబ్రరీలో బొమ్మ గీయడానికి దాని సొంత మార్కులు (బార్, గీత, చుక్కలాంటి ఆకారాలు) ఉండేవి. డి3లో ఆ పొర తీసేసి బ్రౌజర్‌లోని ఎస్‌వీజీ (ఆకారాలు గీసే ట్యాగులు), హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్లనే నేరుగా మన చేతికిచ్చారు. చార్టు ఎక్కడైనా తేడాగా ఉంటే పేజీ లోపలి కోడ్ చూపించే బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్ తెరిచి ఆ బార్ మీద నొక్కితే చాలు, దాని ఎత్తు, రంగు అన్నీ కళ్లముందే ఉంటాయి. లోపల ఏం జరుగుతోందో తెలియని పెట్టెతో కుస్తీ పట్టే పని లేదు.

డేటా జాయిన్, అంటే ఒక్కో డేటా వరుసని పేజీలోని ఒక్కో ఎలిమెంట్‌తో జత కట్టే పద్ధతి, మాత్రం నాకు బుర్రకెక్కడానికి నెలలు పట్టింది. ఒకసారి చార్టులో "ఎక్కువ నుంచి తక్కువకు" అనే బటన్ పెట్టాను. నొక్కితే బార్లు కదలకుండా ఉన్నచోటే ఉండి ఎత్తులు మాత్రం మారాయి, చూసినవాళ్లు అంకెలే మారిపోయాయి అనుకున్నారు. కారణం చిన్నదే: ఏ డేటా ఏ బార్‌దో గుర్తుపట్టే కీ ఫంక్షన్ ఇవ్వకపోతే డి3 వరుస నంబర్ ప్రకారం జత కడుతుంది, మొదటి అంకె మొదటి బార్‌కి, రెండోది రెండోదానికి. ఐడీని కీగా ఇచ్చాక అదే బార్ పక్కకి జరిగి కొత్త చోట కూర్చుంది, కన్ను దాని వెంటే వెళ్లింది. ఇంటరాక్టివ్ చార్టులో కదలిక ఎందుకు ఉండాలో ఆ రోజు నాకు నిజంగా అర్థమైంది.

నేను ఎక్కువ నేర్చుకున్నది డి3 మీద మా టీమ్ కోసం సొంత ఫ్రేమ్‌వర్క్ కట్టినప్పుడు. మొదట అందరూ చేసే పనే చేశాను: ఎవరు ఏది అడిగినా ఒక ఆప్షన్ చేర్చడం. "సున్నా కంటే తక్కువ ఉంటే ఎరుపు" అంటే ఒక ఆప్షన్, "చివరి బార్ మీదే లేబుల్" అంటే ఇంకోటి, "ఫోన్‌లో అయితే ఆ లేబుల్ వద్దు" అంటే మరొకటి. ఏడాది తిరిగేసరికి అరవై దాటాయి, ఏది దేన్ని చెడగొడుతుందో నాకే తెలియదు, చిన్న మార్పుకి కూడా టెన్షన్. అప్పుడు డి3 కోడ్‌నే మళ్లీ జాగ్రత్తగా చదివాను. అందులో రంగుకి, ఎత్తుకి, స్థానానికి, ఏ గుణానికైనా విలువ బదులు ఫంక్షన్ ఇవ్వొచ్చు, ఆ ఫంక్షన్‌కి ఆ వరుస డేటా అందుతుంది. మా ఫ్రేమ్‌వర్క్‌నీ అలాగే మార్చాను. ఆప్షన్లు పదకొండుకి తగ్గాయి, ఎరుపు ఎప్పుడు రావాలో చార్టు వాడేవాళ్లే రెండు లైన్లలో రాసుకుంటున్నారు. మరీ వింత కోరిక వస్తే లోపలి సెలెక్షన్‌నే (డి3 చేతిలో ఉన్న ఎలిమెంట్ల గుంపు) బయటికి ఇచ్చేస్తాను. ఆ తలుపు మూసేస్తే వాళ్లు ఫ్రేమ్‌వర్క్ కాపీ తీసుకుని విడిగా మార్చుకుంటారు, అది అందరికీ నష్టం.

డేటా పెరిగితే ఇంకో సమస్య. ఇరవై వేల చుక్కల స్కాటర్ ప్లాట్‌ని ఎస్‌వీజీలో గీస్తే జూమ్ చేసిన ప్రతిసారీ పేజీ బిగుసుకుపోయింది. మొత్తాన్ని ఒకే బొమ్మగా గీసే కాన్వాస్‌కి మార్చాను, అప్పుడు చుక్కలు విడి ఎలిమెంట్లు కావు కాబట్టి మౌస్ దేనిమీద ఉందో బ్రౌజర్ చెప్పదు. డి3లోని క్వాడ్‌ట్రీతో (చోటును నాలుగేసి భాగాలుగా పంచుకుంటూ వెతికే పద్ధతి) దగ్గరి చుక్కను వెతికి టూల్‌టిప్ చూపించాను. స్కేళ్లు, జూమ్ లెక్కలు ఒక్క అక్షరం మార్చకుండా అలాగే పనిచేశాయి, ఎందుకంటే ఆ భాగాలకి బొమ్మ దేనిమీద గీస్తున్నామో తెలియాల్సిన పనే లేదు. ముక్కలుగా విడదీసిన డిజైన్ బలం ఇక్కడే కనిపిస్తుంది.

బాధపెట్టిన సంగతీ చెప్పాలి. 2016లో వచ్చిన నాలుగో వెర్షన్ లైబ్రరీని చిన్న చిన్న మాడ్యూళ్లుగా విడగొట్టింది, అది మంచిదే. కానీ పేర్లు చాలావరకు మారిపోయాయి. ఎంటర్‌లో (కొత్త డేటాకి ఎలిమెంట్లు పుట్టే దశ) వచ్చిన కొత్త ఎలిమెంట్లు అంతకుముందు అప్‌డేట్‌లో (ఉన్నవాటిని మార్చే దశ) వాటంతటవే కలిసేవి, ఆ వెర్షన్‌లో మనమే మెర్జ్ చేయాల్సి వచ్చింది. మర్చిపోతే ఎర్రర్ రాదు, కొత్త బార్లు మాత్రం కనపడవు. పాత చార్టులన్నీ సరిచేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. తర్వాత ఆ కలిపే పని తానే చేసే జాయిన్ అనే మెథడ్ వచ్చాక ఆ బెడద తీరింది.

ఒక్క మామూలు చార్ట్ కావాలంటే మాత్రం డి3 పట్టుకోకండి. చార్టుల లైబ్రరీలైన వేగా-లైట్, లేదా 2021లో వచ్చిన అబ్జర్వబుల్ ప్లాట్ అయితే నాలుగు లైన్లలో అయిపోతుంది, నేనూ డేటాని మొదటిసారి చూసేటప్పుడు వాటినే వాడతాను. వెబ్‌పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీతో డి3ని కలిపితే పేజీ మీద పెత్తనం ఒక్కదానికే ఇవ్వండి, నేను డి3ని లెక్కలకే ఉంచుతాను.

స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్ల కోసం డి3 దానంతట అది ఏమీ చేసిపెట్టదు, కీబోర్డ్‌తో తిరగడానికీ మనమే రాయాలి. అందుకే ప్రతి చార్టు కింద అవే అంకెలతో ఒక టేబుల్ పెడతాను. అదీ అదే డేటా జాయిన్‌తో, అదే కీతో కడతాను కాబట్టి పైన బార్లు సర్దుకుంటే కింద వరుసలూ సర్దుకుంటాయి.