స్కాట్లండ్‌లో బ్యాగ్‌పైపులు, కత్తులు, నాట్యం: టికెట్ డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఆగస్టులో స్కాట్లండ్ వెళ్లేవాళ్లు అన్నిటికంటే ముందు బుక్ చేసేది ఎడిన్‌బరా టాటూ. కోట ముందున్న మైదానంలో 1950 నుంచి జరుగుతున్న సైనిక బ్యాండ్ల ప్రదర్శన ఇది. బాగుండదని అనను. చంకలో గాలి సంచి పెట్టుకుని వాయించే బ్యాగ్‌పైపులు వందల కొద్దీ ఒక్కసారిగా అందుకున్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో దీపాలన్నీ ఆర్పేసి, కోట గోడ మీద ఒక్క పైపర్‌ని చూపిస్తారు. అప్పుడు పక్కవాళ్లు ఫోన్లు పైకెత్తకపోతే ఇంకా బాగుంటుంది.

కానీ ఆ ఒక్క టికెట్‌తో స్కాట్లండ్ సంప్రదాయం చూసేశాం అనుకుంటే మాత్రం నష్టమే. అది సందర్శకుల కోసం కట్టిన షో. అక్కడివాళ్లు తమ కోసం తాము చేసుకునేవి వేరే ఉన్నాయి, అవి చవక కూడా. నేనూ మా ఆవిడా ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా అలాంటివి వెతుక్కుంటూ తిరిగాం. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బస సంగతి. ఆగస్టంతా ఎడిన్‌బరాలో ఫెస్టివళ్ల హడావిడి. మామూలు రోజుల్లో ఒక మాదిరి ధరకు దొరికే గది అప్పుడు రెండు మూడు రెట్లు పలుకుతుంది. "బావా, ఎడిన్‌బరాలో హోటల్ వెతక్కు. గ్లాస్గోలో దిగు, రైల్లో గంటలోపే వెళ్లొచ్చు" అని మా బావమరిది ముందే చెప్పాడు. అదే మంచిదయింది. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఎడిన్‌బరా వేవర్లీకి 50 నిమిషాల ప్రయాణం, రైళ్లు కూడా చాలా ఉంటాయి. టాటూకి మాత్రం రెండు షోలున్న రోజు చూసుకుని మొదటి షోకే టికెట్ తీసుకోండి. రాత్రి షో అయ్యేసరికి చివరి రైలు టెన్షన్ మొదలవుతుంది. కుర్చీలు ఇరుకు, పైన కప్పు ఉండదు. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు ఏమీ కనబడదు కాబట్టి రెయిన్‌కోటే దిక్కు.

గ్లాస్గోలో ఉంటే ఇంకో లాభం. ఆగస్టు మధ్యలో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలు జరిగేది అక్కడి గ్లాస్గో గ్రీన్ పార్కులోనే. దానికి ముందు వారం పైపింగ్ లైవ్ అనే ఉత్సవం కూడా ఉంటుంది. కొన్ని కచేరీలకు టికెట్ ఉన్నా, వీధుల్లో వాయించేవి ఉచితం.

పోటీల రోజు అందరూ మెయిన్ ఎరీనా చుట్టూ మూగుతారు. అన్నిటికంటే పైస్థాయి గ్రేడ్ 1 బ్యాండ్లు అక్కడ వాయిస్తాయి మరి. వరసల్లో నిలబడి, రెండు డ్రమ్ రోల్స్ పడగానే అందరి సంచులూ ఒకేసారి నొక్కి మొదలుపెట్టాలి, వాయిస్తూనే నడిచివచ్చి వలయంగా నిలబడాలి. ఆ మొదలుపెట్టడాన్ని అటాక్ అంటారు. ఒక్క పైపు అర సెకను ముందు కూసినా తెలిసిపోతుంది. పైపులకు ఇద్దరు, డ్రమ్ములకు ఒకరు, మొత్తం మేళవింపుకు ఒకరు చొప్పున నలుగురు న్యాయనిర్ణేతలు చుట్టూ తిరుగుతూ రాసుకుంటారు. ఉత్తర ఐర్లండ్ నుంచి ఫీల్డ్ మార్షల్ మాంట్‌గమరీ, కెనడా నుంచి సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ బ్యాండ్ లాంటివాళ్లు ఏడాదంతా సాధన చేసి వచ్చేది ఈ కొద్ది నిమిషాల కోసమే.

నాకు మాత్రం ఎరీనా కంటే దాని వెనక ట్యూనింగ్ చేసుకునే చోటు నచ్చింది. అక్కడ చెట్ల కింద బ్యాండ్లు గుండ్రంగా నిలబడి శ్రుతి చూసుకుంటుంటాయి. మనం రెండడుగుల దూరంలో నిలబడి వినొచ్చు, ఎవరూ పొమ్మనరు. బ్యాండు నాయకుడైన పైప్ మేజర్ చేతిలో చిన్న ట్యూనర్ పట్టుకుని ఒక్కొక్కరి భుజం మీది డ్రోన్ గొట్టాలను కిందికీ పైకీ జరుపుతుంటాడు. ఒక పైపుకు మూడు డ్రోన్లు, రెండు టెనర్లు, ఒక బేస్. అవి ఆగకుండా పలికే శ్రుతి. వేళ్లు ఆడించి వాయించే గొట్టం చాంటర్. దాని మీద పలికేవి తొమ్మిది స్వరాలే. గాలి ఆపడం కుదరదు, శబ్దం తగ్గించడం కుదరదు. అందుకే ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలంటే మధ్యలో మెరుపులా ఇంకో స్వరం తాకించాలి. ఎండ వచ్చినా చినుకు పడినా రీడ్ల శ్రుతి మారుతుంది. స్కాట్లండ్‌లో ఆ రెండూ పది నిమిషాల తేడాలో వస్తాయి కాబట్టి పైప్ మేజర్ పడే అవస్థ చూసితీరాలి. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ తీసుకెళ్లండి, సిగ్గుపడక్కర్లేదు. వాయించేవాళ్లలో చాలామంది పెట్టుకుంటారు.

గ్లాస్గోలోనే కౌకాడెన్స్ దగ్గర పాత చర్చి భవనంలో నేషనల్ పైపింగ్ సెంటర్ ఉంది, 1996లో తెరిచారు. లోపలి మ్యూజియం చిన్నదే, గంట చాలు. 17వ శతాబ్దపు అంధ పైపర్ ఇయన్ డాల్ మెకే వాడిన చాంటర్ అక్కడ ఉంది. దాన్ని చూడ్డానికే వెళ్లొచ్చు. సంచి వాద్యాలు స్కాట్లండ్ సొత్తు ఏమీ కాదు, యూరప్ నిండా రకరకాలు ఉన్నాయి. మన వీధి నాటకాల్లో శ్రుతి కోసం వాయించిన మేకతోలు తిత్తి కూడా ఈ కుటుంబమే.

ఎడిన్‌బరాలో ఒక వాకింగ్ టూర్ తీసుకున్నాం, అది మాత్రం దండగ. ఆ గైడు, ఉత్తరాది కొండప్రాంతమైన హైలాండ్స్ తిరుగుబాటుదార్లు ఓడిపోయిన కల్లోడెన్ యుద్ధం తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు బ్యాగ్‌పైపుల్ని చట్టం చేసి నిషేధించారని నాటకీయంగా చెప్పాడు. 1746 చట్టంలో పైపుల మాటే లేదు. అది నిషేధించింది ఆయుధాల్నీ, హైలాండ్ మగవాళ్ల దుస్తుల్నీ. ఆ దుస్తుల మీద నిషేధం 1782లో తీసేశారు. అసలు జరిగింది ఆ కట్టుకథ కంటే ఘోరం. జేమ్స్ రీడ్ అనే పైపర్ తాను కత్తి పట్టలేదని, పైపు మాత్రమే వాయించానని యార్క్ కోర్టులో చెప్పుకున్నాడు. హైలాండ్ దళం పైపర్ లేకుండా కదలదు కాబట్టి పైపు కూడా యుద్ధ సాధనమేనని కోర్టు తేల్చి, 1746లోనే అతన్ని ఉరితీయించింది. చేతిలో ఇంత కథ పెట్టుకుని లేని చట్టం చెప్పడం ఎందుకో!

నాట్యంలో మనమూ కాలు కదపాలనిపిస్తే కేలీ అనే సామూహిక నాట్యాల రాత్రికి వెళ్లాలి. గ్లాస్గోలో స్లోన్స్ అనే పాత పబ్బు హాల్లో శుక్రవారం రాత్రుళ్లు జరుగుతుంది. ఎటు తిరగాలో, ఎవరి చెయ్యి పట్టుకోవాలో మైకులో చెబుతుంటారు. స్ట్రిప్ ద విల్లో అనే నాట్యంలో నన్ను ఎవరు ఎటు విసిరారో నాకే తెలీదు. కిందపడ్డా ఎవరూ పట్టించుకోరు. ఇదే కొంచెం పద్ధతిగా నేర్చుకోవాలంటే 1923లో మొదలైన రాయల్ స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ ఉంది. వేసవిలో సెంట్ ఆండ్రూస్‌లో వాళ్ల సమ్మర్ స్కూల్ నడుస్తుంది.

కత్తి విద్య కోసం మేం ఒక క్లబ్బు కొత్తవాళ్ల క్లాసుకి వెళ్లాం. స్కూల్ జిమ్ లాంటి హాలు. మాస్కు, గ్లవ్స్ వాళ్లే ఇచ్చారు. సినిమాల్లో చూపించే రెండు చేతుల క్లేమోర్ కాదు, ఇది ఒంటిచేత్తో తిప్పే బ్రాడ్‌స్వోర్డ్. పిడి చుట్టూ చేతిని కాపాడే ఇనప బుట్ట ఉంటుంది. చూడ్డానికి బరువనిపిస్తుంది కానీ కిలో, కిలోంపావు మించదు. మొదటి గంట కత్తే ఇవ్వలేదు, అంతా అడుగులే. తర్వాత వేటు ఏ కోణంలో వెయ్యాలో, మొన కిందికి వేలాడేలా ఎత్తి పట్టే హ్యాంగింగ్ గార్డు ఎలాగో చూపించారు. ఆ గార్డులో ఐదు నిమిషాలు నిలబడితే భుజం లాగేసింది. మా ఆవిడ చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. అరమండి అలవాటున్న తొడలు కాబట్టి తను బాగానే నిలబడింది. నా పరిస్థితి రాయను. ఇక్కడ ఫొటోల కోసం కత్తి పట్టిస్తారని అనుకుంటే నిరాశపడతారు, నిజంగా నేర్పుతారు. అలాంటి క్లబ్బులు ఎడిన్‌బరా, గ్లాస్గో రెండు చోట్లా ఉన్నాయి. కొత్తవాళ్లను ఏ రోజు తీసుకుంటారో ముందే మెయిల్ పెట్టి కనుక్కోవాలి.

వాళ్లు పాఠానికి ఆధారం చేసుకునే పాత పుస్తకాల్లో ఒకటి డొనాల్డ్ మెక్‌బేన్ అనే సైనికుడు 1728లో గ్లాస్గోలో అచ్చువేయించింది. ఈయన 1689లో కిలీక్రాంకీ యుద్ధంలో ప్రభుత్వ సైన్యం తరఫున పోరాడి, ఓడిపోయి, వెంటపడ్డ హైలాండర్ల నుంచి తప్పించుకోవడానికి గారీ నదిని ఒక్క దూకులో దాటాడని చెబుతారు. 18 అడుగులు! ఆ చోటు పిట్లాక్రీ దగ్గరే, పేరు సోల్జర్స్ లీప్. రోడ్డు పక్క పార్కింగ్ నుంచి అడవిలో కాస్త దిగితే చాలు. కత్తి క్లాసు చేసినవాళ్లు తప్పకుండా ఆగాల్సిన చోటు. బండలు, కింద సుడులు తిరిగే నీళ్లు చూశాక, ప్రాణభయం మనిషి చేత ఏమైనా చేయిస్తుందని నమ్మాను.

అక్కడి నుంచి కారే. మన ఇండియా లైసెన్సుతో సందర్శకులు ఏడాది లోపు నడపొచ్చు, ఎడమవైపు డ్రైవింగే కాబట్టి ఇబ్బంది లేదు. ఆటోమేటిక్ కావాలంటే ముందే అడగాలి, అద్దె ఎక్కువ. మేం కారు తీసుకున్న కంపెనీ, తిరిగి ఇచ్చేటప్పుడు పాత గీతకు మా దగ్గర డబ్బు పట్టుకోబోయింది. తీసుకున్న రోజు వీడియో ఉంది కాబట్టి వదిలేశారు. కొండ దారులు చాలా చోట్ల ఒక్క కారు పట్టేంతే. ఎదుటి బండి కనబడగానే పాసింగ్ ప్లేస్‌లో ఆగి, చెయ్యెత్తి పలకరించి పోవాలి.

అలా చేరింది స్ట్రాత్‌డాన్ లోయ. ఆగస్టు నాలుగో శనివారం అక్కడ లోనాక్ గ్యాదరింగ్ అనే ఆటపాటల ఉత్సవం. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కటే చూడాలంటే ఇదే చూడమంటాను. నడిపేది 1823లో పుట్టిన లోనాక్ హైలాండ్ అండ్ ఫ్రెండ్లీ సొసైటీ. పెట్టినవాడు సర్ చార్లెస్ ఫోర్బ్స్. బొంబాయిలో ఫోర్బ్స్ కంపెనీ నడిపి, సంపాదించి, సొంత లోయకు తిరిగొచ్చిన వ్యాపారి. ముంబై టౌన్‌హాల్లో ఇప్పటికీ ఈయన విగ్రహం ఉంది. స్కాట్లండ్ మారుమూల పల్లె ఉత్సవానికి మన దేశపు డబ్బుతో ఇంత దగ్గరి సంబంధం ఉందని టూరిస్టు కరపత్రాల్లో పెద్దగా కనబడదు.

పొద్దున్నే ఆ లోయ మగవాళ్లు కిల్టులు (గళ్ల ఉన్ని పావడాలు) కట్టి, భుజాన పొడవాటి ఈటెలు, లొకాబర్ గొడ్డళ్లు పట్టుకుని, ముందు పైపర్లతో మైళ్ల కొద్దీ నడుస్తారు. దారిలో కొన్ని ఇళ్ల ముందు ఆగి, ఆ ఇంటివాళ్ల ఆరోగ్యం కోరుతూ తలా ఒక గుక్క విస్కీ తాగుతారు. వెనకాల ఒక గుర్రబ్బండి వస్తుంటుంది. నడవలేనివాళ్లను ఎక్కించుకోవడానికట! తాతలూ మనవలూ ఒకే వరసలో ఉంటారు. మేం రోడ్డు పక్క నిలబడి చూస్తుంటే ఒక పెద్దావిడ తన మనవణ్ని చూపించి, "వాడికి ఇది మొదటి ఏడు, రాత్రంతా నిద్రపోలేదు" అంది. మధ్యాహ్నం ఈ దళం మైదానంలోకి వచ్చినప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లలో సగం మంది ఇంటివాళ్లే.

మైదానంలో ఒకేసారి నాలుగైదు పనులు జరుగుతుంటాయి. ఒక మూల సోలో పైపింగ్, ఒక వేదిక మీద పిల్లల నాట్యం, మధ్యలో దుంగ విసరడం. దుంగ ఎంత దూరం పడిందని చూడరు. తలకిందులై, విసిరినవాడికి సరిగ్గా ఎదురుగా, గడియారంలో పన్నెండు వైపు పడిందా లేదా అన్నదే లెక్క. మాకు ఇది తెలిశాకే ఆట రుచి తెలిసింది. తిండి అంటే బర్గర్లు, చిప్స్. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లడం మేలు. ఊళ్లలో మాత్రం వెజిటేరియన్ హ్యాగిస్ (అక్కడి మాంసం వంటకానికి శాకాహార రూపం) చాలాచోట్ల దొరుకుతుంది, మిరియాల ఘాటుతో మన నోటికి బాగానే ఉంటుంది. స్ట్రాత్‌డాన్‌లో బస దొరకడం కష్టం, బ్యాలటర్ వైపు వెతకండి. మేం దిగిన గెస్ట్‌హౌస్ శుభ్రంగా ఉంది, టిఫిన్ బ్రహ్మాండం. రాత్రి భోజనం మాత్రం ఎనిమిదింటికే బంద్. ఆలస్యంగా చేరి, బిస్కెట్లతో పడుకున్నాం.

నాట్యమే ముఖ్యం అనుకునేవాళ్లు ఆగస్టు చివరి వారాంతానికి డునూన్ వెళ్లాలి. కొవల్ గ్యాదరింగ్ 1894 నుంచి ఉంది, ప్రపంచ హైలాండ్ నాట్య పోటీలు అక్కడే. గ్లాస్గో సెంట్రల్ నుంచి గూరొక్‌కి రైలు, అక్కడ పడవ ఎక్కితే అవతలి ఒడ్డే డునూన్. మా ఆవిడ రోజంతా నాట్య వేదిక దగ్గర్నుంచి కదల్లేదు. గిల్లీ కాలమ్ అనే కత్తుల నాట్యంలో నేల మీద రెండు కత్తులు అడ్డంగా పెట్టి, వాటి ఖాళీల్లో మునివేళ్ల మీద ఆడాలి. కాలు తగిలి కత్తి పక్కకు జరిగిందా, ఆ నాట్యంలో అనర్హులే. చివర్లో వేగం పెరుగుతుంది, తప్పులు జరిగేది అప్పుడే. ఒక అమ్మాయి పాదం తగిలి కత్తి కదిలింది. అయినా ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా పూర్తి చేసి, వంగి నమస్కరించి, వేదిక దిగాకే ఏడ్చింది. "అభినయం లేదు, నడుం పైన కదలికే తక్కువ. కానీ ఆ మడమలు చూడు, ఒక్కసారి కూడా నేలకు ఆనలేదు" అంది మా ఆవిడ. షాన్ ట్రూస్ అనే ఇంకో నాట్యంలో కాలు విదిలించే అడుగులుంటాయి. కిల్టు నిషేధించాక బలవంతంగా తొడిగించిన ప్యాంట్లను వదిలించుకోవడమే ఆ అడుగులని చెబుతారు.

సెప్టెంబరు మొదటి శనివారం బ్రేమార్ గ్యాదరింగ్‌కి రాజకుటుంబం వస్తుంది. అందుకే టికెట్లు ముందే అయిపోతాయి, పార్కింగ్ దూరం, జనం విపరీతం. ఆటలు లోనాక్‌లో చూసినవే. రాజుగారిని దూరం నుంచైనా చూడాలని ఉంటే వెళ్లండి, లేదంటే వేరే రోజు వెళ్లి మైదానం పక్కనున్న హైలాండ్ గేమ్స్ మ్యూజియం ఒక్కటి చూస్తే చాలు. ఎడిన్‌బరా రాయల్ మైల్‌లో చవగ్గా అమ్మే కిల్టులు కొనకండి, చాలావరకు యాక్రిలిక్. అసలైనది ఎనిమిది గజాల ఉన్నితో కొలతకు కుట్టేది, ధర వింటే గుండె ఆగుతుంది. ఒక్క రోజు కట్టుకుని ఫొటో దిగాలనుకుంటే అద్దెకిచ్చే షాపులున్నాయి. అక్కడి పెళ్లిళ్లకు చాలామంది చేసేది కూడా అదే.