ఓవర్‌కాల్ మీద క్యూబిడ్, స్ప్లింటర్: పదేళ్లు ఆడాక

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి పోయాక మాకు చాలా రోజులు కరెంటు లేదు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మావయ్య వాళ్లింట్లో కొవ్వొత్తుల వెలుగులో నలుగురం రెండు జంటలుగా కూర్చుని బ్రిడ్జ్ పేకాట ఆడేవాళ్లం. నేనూ మావయ్యా పార్ట్‌నర్లుగా కుదిరింది అప్పుడే. ఆయన షిప్‌యార్డులో చేసి రిటైరయ్యారు, నాది బ్యాంకు ఉద్యోగం. అప్పట్లో మా బిడ్డింగ్, అంటే ఏ రంగు తురుపుగా ఎన్ని ట్రిక్కులు (పట్లు) తీస్తామో వేలంలో చెప్పుకోవడం (వన్ అంటే ఏడు, ఫోర్ అంటే పది), మరీ మొరటుగా ఉండేది. ఒకరు వన్ స్పేడ్‌తో వేలం తెరిచాక పక్కవాళ్లు టూ డైమండ్స్ అని అడ్డం వస్తే (ఇదే ఓవర్‌కాల్), చేతిలో కాస్త ఉంటే టూ స్పేడ్స్, ఇంకాస్త ఉంటే త్రీ, బాగుంటే ఫోర్. ఆ ఫోర్ స్పేడ్స్‌లో ఆరు పాయింట్ల (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) చేయి ఉండొచ్చు, పదిహేను పాయింట్ల చేయీ ఉండొచ్చు. తెరిచినవాడికి ఏమీ తెలిసేది కాదు.

మమ్మల్ని మార్చిన చేయి నాకింకా ముక్క ముక్కా గుర్తుంది. మావయ్య వన్ స్పేడ్ తెరిచారు. నా కుడివైపు ఆయన టూ డైమండ్స్ అన్నారు. నా చేతిలో స్పేడ్స్ రాజు, జాకీ, 7, 4. హార్ట్స్ ఆసు, 9, 6, 2. డైమండ్స్‌లో ఒంటి ముక్క 5. క్లబ్స్ రాణి, 10, 8, 3. మొత్తం పది పాయింట్లు. ఫోర్ స్పేడ్స్ అన్నాను, అందరూ పాస్. మావయ్య చేయి ఇది: స్పేడ్స్ ఆసు, రాణి, 10, 8, 5, 2, హార్ట్స్ రాజు, 5, డైమండ్స్ 8, 7, 4, క్లబ్స్ ఆసు, రాజు. ఒక డైమండు ఇచ్చి, మిగతా రెండూ నా తురుపుతో కోసి పన్నెండు ట్రిక్కులు తీశారు. ఇద్దరివీ కలిపితే 26 పాయింట్లే, అయినా స్లామ్ (పన్నెండు ట్రిక్కుల బిడ్) చేతిలో పెట్టినట్టుంది. వల్నరబుల్‌లో (బోనస్, జరిమానా రెండూ పెరిగే స్థితిలో) ఉన్నాం కాబట్టి మాకు 680 వచ్చింది. సిక్స్ స్పేడ్స్ చెప్పి ఉంటే 1430. ఆ 750 తేడా అంటే టీమ్ మ్యాచ్‌లో 13 ఇంప్‌లు (స్కోరు తేడాను కుదించి వేసే టీమ్ పాయింట్లు).

"నీకు డైమండు ఒక్కటే ఉందని నాకు తెలిస్తే ఆగుతానట్రా?" అని మావయ్య అడిగారు. తప్పు ఆయనది కాదు, నాదీ కాదు. ఆ మాట చెప్పడానికి మా దగ్గర బిడ్డే లేదు.

2015 సంక్రాంతి సెలవుల్లో కూర్చుని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం. వాళ్ల రంగునే మనం బిడ్ చేస్తే, అంటే త్రీ డైమండ్స్ అంటే, అది క్యూబిడ్: స్పేడ్స్‌లో మూడైనా ముక్కలున్నాయి, గేమ్‌కి (బోనస్ వచ్చే మట్టం, స్పేడ్స్‌లో అయితే ఫోర్) పిలిచేంత బలం, లేదా అంతకన్నా ఎక్కువ. టూ వదిలేసి త్రీ స్పేడ్స్‌కి గెంతితే నాలుగు ముక్కలు, బలహీనమైన చేయి, వాళ్ల దారికి అడ్డం పడటానికే. ఫోర్ డైమండ్స్ అంటే స్ప్లింటర్: నాలుగు తురుపులు, గేమ్ ఖాయం, డైమండ్స్‌లో ఒక్కటి గానీ అసలు లేకపోవడం గానీ. స్ప్లింటర్ అమెరికాలో 1960ల్లో పుట్టింది. డొరతీ హేడెన్, డేవిడ్ క్లిఫ్ ఎవరికి వారుగా దాన్ని కనిపెట్టారు.

ఈ మొత్తంలో ఒకటే ఉంచుకోమంటే నేను క్యూబిడ్‌నే ఉంచుకుంటాను. ప్రతి ఆదివారం రెండు మూడు సార్లయినా వాడకంలోకి వస్తుంది. త్రీ డైమండ్స్ విన్నాక, మావయ్యది మామూలు చేయి అయితే త్రీ స్పేడ్స్ అని ఆగుతారు, కాస్త అదనం ఉంటే ఫోర్‌కి వెళ్తారు. నాది పది, పదకొండు పాయింట్ల చేయి అయితే త్రీ స్పేడ్స్ మీద పాస్ చేస్తాను, పదిహేను ఉంటే నేనే ముందుకు వెళ్తాను. ఇందులో టెన్షన్ ఏమీ ఉండదు.

బలహీనమైన గెంతుకు అలవాటు పడటానికే ఎక్కువ టైం పట్టింది. మొదటి ఏడాది ఒక రోజు వల్నరబుల్‌లో టూ హార్ట్స్ ఓవర్‌కాల్ మీద నేను త్రీ స్పేడ్స్‌కి గెంతాను. స్పేడ్స్ రాణి, 9, 7, 3, డైమండ్స్‌లో రాజుతో ఐదు ముక్కలు, అంతే. మావయ్య పాత అలవాటులో దాన్ని బలమనుకుని ఫోర్ అన్నారు. వాళ్లు జరిమానా పెంచుతూ డబుల్ చేశారు, రెండు ట్రిక్కులు పోయాయి, 500 సమర్పించుకున్నాం. అయినా ఈ బిడ్‌ను నేను తీసేయనివ్వలేదు. ఇద్దరికీ కలిపి తొమ్మిది తురుపులుంటే తొమ్మిది ట్రిక్కుల మట్టం వరకూ వెళ్లడం చాలాసార్లు లాభమే. దీని వెనకున్న సూత్రం ఫ్రాన్స్‌కు చెందిన జాఁ రెనె వెర్న్ 1969లో పత్రికలో రాసినది: రెండు పక్షాల తురుపుల మొత్తమూ, రెండు పక్షాలకూ దొరికే ట్రిక్కుల మొత్తమూ దాదాపు సమానం. మా నోట్‌బుక్‌లో లెక్క వేసుకున్నంతలో అది మమ్మల్ని పెద్దగా ముంచింది లేదు.

క్యూబిడ్‌లో ఒక చిక్కుంది, దాన్ని ముందే మాట్లాడుకోకపోతే దెబ్బ తగులుతుంది. మావయ్య వన్ హార్ట్ తెరిస్తే వాళ్లు టూ స్పేడ్స్‌కి గెంతారు. నాకు మూడు హార్ట్స్, పది పాయింట్లు. అలవాటుగా త్రీ స్పేడ్స్ అన్నాను. అది త్రీ హార్ట్స్‌ను దాటిపోయింది, మావయ్యకు ఫోర్ హార్ట్స్ తప్ప దారి లేకపోయింది, ఒకటి డౌన్. ఆ రాత్రే నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాశాం: క్యూబిడ్ మన రంగు మూడో మట్టాన్ని దాటితే అది గేమ్ ఫోర్సింగ్, అంటే గేమ్ దాకా ఆగకూడదు. అలాంటప్పుడు త్రీ హార్ట్స్ అడ్డం పడే బిడ్ కాదు, ఎనిమిది నుంచి పదకొండు పాయింట్ల నిజాయితీ అయిన రెయిజ్ (పార్ట్‌నర్ రంగును పెంచడం).

నాలుగు తురుపుల రెయిజ్‌కు టూ నోట్రంప్ (తురుపు లేని బిడ్), మూడింటికి క్యూబిడ్ అని ఒక ఏడాది విడదీసి చూశాం. చూడటానికి బాగుంది గానీ, వాళ్ల రంగులో ఆపే ముక్కతో మామూలుగా టూ నోట్రంప్ చెప్పాల్సిన చేతులే మాకు ఎక్కువ వచ్చాయి. తీసేశాం. వాళ్లు ఓవర్‌కాల్ కాకుండా టేకవుట్ డబుల్ (మిగతా రంగుల్లో ఒకటి చెప్పమని తమ పార్ట్‌నర్‌ను అడిగే డబుల్) చేసినప్పుడు మాత్రం ఉంచుకున్నాం, అక్కడ క్యూబిడ్ చేయడానికి వాళ్ల రంగే ఉండదు కదా.

ఇక స్ప్లింటర్. ఇది తరచుగా రాదు, వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పాయింట్లు చెప్పలేని సంగతి చెప్తుంది. పైన చెప్పిన చేతిలోనే మావయ్యకు డైమండ్స్‌లో రాజు, రాణి ఉండి క్లబ్స్‌లో ఆ ఆసు, రాజు లేవనుకోండి, ఆ ఐదు పాయింట్లూ నా ఒంటి ముక్క ఎదుట వృథా. ఫోర్ డైమండ్స్ వినగానే ఆయనే ఫోర్ స్పేడ్స్ అని ఆగిపోతారు. అదే మూడు చిన్న ముక్కలైతే స్లామ్ వైపు చూస్తారు. వాళ్ల రంగులో స్ప్లింటర్‌కు బలం ఎక్కువ, ఎందుకంటే పెద్ద ముక్కలు ఓవర్‌కాల్ చేసినవాడి దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ.

ఒంటి ముక్క ఆసు అయితే స్ప్లింటర్ చేయకూడదని దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను. ఒకసారి అలా చేస్తే, మావయ్య తన రాజునూ రాణినీ పనికిరానివిగా తీసేసి గేమ్‌లో ఆగారు. నిజానికి ఆ మూడూ ట్రిక్కులే. అలాగే మరీ బలమైన చేతితోనూ వద్దు. పదహారు పాయింట్లతో నేను ఫోర్ డైమండ్స్ అన్నాక ఆయన ఆగితే, ఆ తర్వాత నేను చీకట్లో వెతుక్కోవాలి. మేం పది నుంచి పదమూడు పాయింట్ల చేయికే పరిమితం చేశాం, అంతకన్నా ఎక్కువుంటే ముందు క్యూబిడ్. ఇంకో ఖర్చు ఉంది: మనం చెప్పింది ఎదుటివాళ్లూ వింటారు. కోత ఆపడానికి తురుపుతోనే మొదలుపెడతారు. నాలుగు తురుపులుంటేనే స్ప్లింటర్ అన్న నియమం అక్కడ కాపాడుతుంది.

టూ డైమండ్స్ మీద ఫోర్ క్లబ్స్ కూడా మాకు స్ప్లింటరే, త్రీ క్లబ్స్ మామూలు బిడ్‌గా (నిజంగా క్లబ్స్ ఉన్నాయని చెప్పేదిగా) ఉంది కాబట్టి. వివాదమంతా ఫోర్ హార్ట్స్ దగ్గరే వచ్చేది. మావయ్య అది స్ప్లింటర్ కావాలనేవారు. ఏడు హార్ట్స్‌తో నేరుగా గేమ్ చెప్పే చేతులు నాకు ఎన్నో వచ్చాయి, అందుకే అది మామూలు బిడ్‌గానే ఉండాలనేవాణ్ని. 2020 లాక్‌డౌన్‌లో బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో ఆడుతున్నప్పుడు ఒక సౌకర్యం దొరికింది: అక్కడ మన బిడ్‌కు మనమే అలర్ట్ (దీనికి ప్రత్యేక అర్థం ఉందన్న సూచన) ఇచ్చి అర్థం టైప్ చేయాలి. రాయాల్సి వచ్చేసరికి మా ఇద్దరి మధ్య ఎక్కడ తేడా ఉందో బయటపడింది. ఆ నెలల్లోనే ఫోర్ హార్ట్స్ మామూలు బిడ్ అని తేల్చాం, ఆయన ఒప్పుకుని సంతకం కూడా పెట్టారు.

కొత్తగా మొదలుపెట్టే జంటకు నేను చెప్పేది: మొదటి ఆరు నెలలు క్యూబిడ్, బలహీనమైన గెంతు మాత్రమే ఆడండి. తర్వాత వాళ్ల రంగులో స్ప్లింటర్ చేర్చండి. వేరే రంగు స్ప్లింటర్లు ఇంకో ఏడాది ఆగినా ఏం పోదు. ఎదుటివాళ్ల టూ స్పేడ్స్ గెంతు మీద ఏం చేస్తారో మాత్రం మొదటి రోజే తేల్చుకోండి.

మావయ్యకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది. ఇప్పటికీ ఇస్పేటు, కళావరు అనే అంటారు, బిడ్ మాత్రం తడబడకుండా పెడతారు. మొన్న ఆదివారం వన్ స్పేడ్, టూ డైమండ్స్ తర్వాత నేను ఫోర్ డైమండ్స్ కార్డు బల్ల మీద పెట్టాను. ఆయన తన ముక్కలు మరోసారి సర్దుకుని, కళ్లజోడు పైకి తోసుకుని, ఫోర్ నోట్రంప్ అని ఆసులు అడిగారు.