ఫోన్లో నవలలు అమ్మే ఆ షాపులతో జాగ్రత్త! మనం సిగ్గుపడి ఏమీ అడగం అని వాళ్ళ ధీమా

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఉండి పుస్తకాలు ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్ళు ఇది ఒక్కసారి చదవండి. ముఖ్యంగా ఇంట్లో ఎవరి కంటా పడకుండా తెప్పించుకోవాలనుకునేవాళ్ళు. నాకు పోయింది 409 రూపాయలే. పడిన టెన్షన్ మాత్రం రెండు వారాలకు సరిపడా పడ్డాను.

నేను కొన్నది ఒక ఇంగ్లీషు నవల. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ 1813లో వేసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కథనే ఇప్పటి ఆఫీసులోకి తెచ్చి, ఇద్దరు మగవాళ్ళ మధ్య ప్రేమగా రాశారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పొగరుబోతు ఒకడు, నోరున్న జూనియర్ ఇంకొకడు. నవల పేరు చెప్పను. తప్పు రాసినవాళ్ళది కాదు, వాళ్ళ పుస్తకం మీద మచ్చ పడటం నాకిష్టం లేదు.

ట్రంకు రోడ్డులో రెండు పుస్తకాల షాపుల్లో అడిగితే లేదన్నారు. నిజం చెప్పాలంటే రెండో షాపులో పేరు సగమే చెప్పి బయటికొచ్చేశాను. ఆ రాత్రి ఫోన్లో పుస్తకాలు అమ్మేవాళ్ళ పేజీ ఒకటి కనబడింది. అసలు ధర 699, వాళ్ళ దగ్గర 349, కొరియర్‌కు 60. క్యాష్ ఆన్ డెలివరీ లేదు, ముందే ఫోన్‌లో డబ్బులు పంపాలి. ‘ప్యాకింగ్ ప్లెయిన్‌గా ఉంటుంది, ఎవరికీ తెలీదు బ్రో’ అన్నారు. ఆ ఒక్క ముక్కకే పడిపోయాను.

ఇంటికైతే అమ్మ విప్పుతుందని మా ఆఫీసు అడ్రస్ ఇచ్చాను. ప్యాకెట్ వచ్చింది. పైన అంటించిన చీటీ మీద నా పేరు, కింద పుస్తకం పేరు, ఆ పక్కనే ‘గే ఆఫీస్ లవ్ స్టోరీ’ అని లావు అక్షరాలు. మా అటెండరు దాన్ని తిప్పి తిప్పి చూసి, ‘ఏందన్నా ఇది, మన ఆఫీసు కథేనా?’ అన్నాడు. మంచివాడు కాబట్టి నవ్వి వదిలేశాడు. అకౌంట్స్‌లో అందరూ అంత మంచివాళ్ళు కారు.

సరే, పుస్తకమైనా బాగుందా అంటే, అట్ట తెరవగానే పైనున్న ప్లాస్టిక్ పొర మూల దగ్గర లేచి వచ్చింది. కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తున్నాయి. అయినా కథ బాగుంది, చదువుకుంటూ పోయాను. 160వ పేజీ తిప్పితే మళ్ళీ 129 వచ్చింది! రెండోసారి 160 అయ్యాక నేరుగా 193. పుస్తకాలను పెద్ద షీట్ల మీద అచ్చేసి, మడతపెట్టి, కట్టలుగా కుడతారు. ఇక్కడ 32 పేజీల కట్ట ఒకటి రెండుసార్లు పడింది, తర్వాతది అసలు లేదు. పాత కథ తెలిసినవాళ్ళకు నా బాధ అర్థమవుతుంది. మొత్తం 61 అధ్యాయాల్లో 34వ దాంట్లో ఆ పొగరుబోతు ప్రేమ చెప్పి చీవాట్లు తింటాడు, 35లో ఉత్తరం రాస్తాడు. ఈ నవలలోనూ కథ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. ఇందులో ఉత్తరానికి బదులు మెయిల్. 193వ పేజీలో ఆ జూనియర్ దాన్ని అప్పటికే నాలుగోసారి చదువుతున్నాడు. నేను ఒక్కసారి కూడా చదవలేదు.

ఫొటోలు తీసి పంపాను. ముందు ‘రిటర్న్ లేదు బ్రో’ అన్నారు. ఇది పైరసీ కాపీ కదా అని అడిగితే, ‘రెండొందల ఏళ్ళ నాటి కథ, దీనికి కాపీరైట్ ఎక్కడిది’ అన్నారు. ఇది సగం నిజం. ఆస్టిన్ 1817లోనే పోయింది కాబట్టి ఆ కథను ఎవరైనా వాడుకోవచ్చు. కానీ దాన్ని ఆధారం చేసుకుని ఇప్పుడు రాసిన నవల మీద రాసినవాళ్ళకు హక్కులు ఉంటాయి. డబ్బులు తిరిగివ్వమని గట్టిగా అడిగేసరికి ఇంకో మెసేజ్ వచ్చింది: ‘ఇట్టాంటి బుక్కు కొన్నావని మీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పమంటావా?’

అడ్రస్ నేనే ఇచ్చాను కదా. రెండు రోజులు ఆఫీసులో లాండ్‌లైన్ మోగితే ఉలిక్కిపడ్డాను. మామూలు పోటీపరీక్షల పుస్తకంలో పేజీలు పోతే మనం ఊరుకుంటామా, రచ్చ చేస్తాం. ఇక్కడ నోరెత్తమని వాళ్ళకు తెలుసు. అందుకే వాళ్ళ పేజీలో సగం ఇలాంటి నవలలే.

మూడో రోజు నాకే కోపమొచ్చింది. నవల కొనడం నేరమా? ఇష్టపడిన ఇద్దరు మేజర్ల స్వలింగ సంబంధమే నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది. దొంగ కాపీలు అమ్మినవాడికి మాత్రం 1957 కాపీరైట్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు ఉంది. ఈ రెండు ముక్కలే వాడికి పంపాను. వెంటనే నన్ను బ్లాక్ చేశాడు. డబ్బులు రాలేదు, ఆఫీసుకు ఫోనూ రాలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకున్నారు, తెలుగులోనే మాట్లాడారు. పుస్తకం సంగతి విని ఒక్క వెకిలి ప్రశ్న కూడా వేయలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. కానీ షాపు అడ్రస్ అడిగితే నా దగ్గర ఒక ఫోన్ నంబరే ఉంది. ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు పేరు, అడ్రస్, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు కనబడేలా పెట్టాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. అవి లేని చోట నేను డబ్బులు కట్టాను. అది నా బుద్ధితక్కువ.

మీరు మాత్రం డబ్బులు పంపేముందు కాపీరైట్ పేజీ ఫొటో అడగండి. అక్కడ 978తో మొదలయ్యే 13 అంకెల నంబరు, వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గరున్న నంబరు ఒకటేనా చూడండి. ఒకటే ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, నాదాంట్లో ఒకటే ఉంది. కాకపోతే ఫొటో అడగ్గానే విసుక్కునేవాడి దగ్గర కొనకండి. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీయండి, అప్పుడే పేజీ నంబర్లన్నీ తిప్పి చూడండి. బెదిరిస్తే మెసేజ్‌లు చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. నేను కోపంలో మొదటివి చెరిపేశాను.

ఇక ఒక చిన్న మనవి. అసలు కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, పేరు మెసేజ్‌లో చెబుతాను. నెల్లూరు వీఆర్సీ సెంటర్‌కైనా, ఒంగోలు బస్టాండుకైనా వస్తాను. జిరాక్స్ అడగను లెండి. అక్కడే కూర్చుని 161 నుంచి 192 దాకా చదివి ఇచ్చేస్తాను.