ఆపరేషన్‌లో పోయిన రక్తం: కంటి అంచనా మేలా, తూకం మేలా?

కుట్లు పడుతుండగా మత్తు డాక్టర్ రక్తం ఎంత పోయిందని అడుగుతారు. "ఒక ఐదొందలు రాయండి సిస్టర్" అంటారు సర్జన్. చాలా థియేటర్లలో లెక్క అంతటితో సరి. కంటి అంచనాకు ఖర్చు లేదు, ఆలస్యం లేదు. కానీ కొద్దిగా పోయినప్పుడు ఎక్కువ చెబుతుంది, ధారగా పోయినప్పుడు తక్కువ చెబుతుంది. అసలు అవసరం పడ్డప్పుడే దారి తప్పిస్తుందన్నమాట.

దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఆపరేషన్ జరుగుతూ, కావలసిన గ్రూపు రక్తం దగ్గర్లో లేక నల్గొండకో మహబూబ్‌నగర్‌కో బండి పంపాల్సి వస్తే ఆ తేడా చిన్నది కాదు. 45 కిలోల మనిషిలో కిలోకు 65 మి.లీ. చొప్పున సుమారు 2,900 మి.లీ. రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్ 12తో వచ్చిన మనిషికి అది రక్తం ఎక్కించాల్సి వచ్చే 7కి దిగాలంటే దాదాపు 1,200 మి.లీ. పోవాలి. 9తో వచ్చినవాళ్లకు 650 చాలు. మూడొందలు తక్కువ రాస్తే బండి బయల్దేరాల్సిన వేళ దాటిపోతుంది.

అందుకే పెద్ద ఆపరేషన్లకు మా ఓటు తూకానికే. గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ కాటా చాలు. పొడి మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు) పది కలిపి తూచి, ఒక్కోదాని బరువు గోడమీది బోర్డుపై రాసిపెట్టాలి. ఒక్కోటి 22 గ్రాములనుకుందాం. తడిసిన పది 860 గ్రాములు తూగితే, 220 తీసేయగా 640. రక్తం నీళ్లకంటే కాస్త బరువు, మి.లీ. 1.05 గ్రాములకు పైనే. కాబట్టి సుమారు 600 మి.లీ. హడావిడిలో గ్రాముకో మి.లీ. అనుకున్నా కొంప మునగదు. మాప్‌ల కౌంట్ ఎలాగూ ఉంటుంది గనుక ఐదేసి చొప్పున అప్పుడే తూచేయాలి. లైటు కింద ఆరనిస్తే బరువు తగ్గుతుంది.

తూకం చెడేది ఎక్కువగా సలైన్ దగ్గరే. తడిపి పిండిన మాప్ ఇస్తే, పొడి బరువు కాదు, పిండిన బరువు తీసేయాలి. సక్షన్ జార్‌లో (గొట్టంతో లాగిన రక్తం చేరే జాడీలో) నురగ దిగాక గీత చూడాలి. 900 ఉండి, కడుపు కడిగిన సలైన్ 500 అందులోకే వచ్చిందంటే రక్తం 400. ఎన్ని సీసాలు పోశారో అప్పటికప్పుడు రాయకపోతే ఈ తీసివేత వట్టిదే. సిజేరియన్‌లో ఉమ్మనీరు లాగేశాక, మాయ రాకముందే జార్ మార్చాలి.

మర్నాటి హిమోగ్లోబిన్‌తో లెక్క కట్టే పద్ధతీ ఉంది. తుంటి మార్పిడిలో కండరాల్లోకి ఇంకిన రక్తం దానికే దొరుకుతుంది. టేబుల్ మీద మాత్రం పనికిరాదు: రక్తం కారుతున్నంతసేపూ ఆ అంకె పెద్దగా దిగదు, సలైన్ ఎక్కించాక పలచబడి దిగుతుంది.

మామూలు కాన్పుకు కాటా కంటే గీతల సంచి మేలు. బిడ్డ పుట్టగానే పిరుదుల కింద పరిస్తే 300, 500 గీతలు కళ్లెదుటే ఉంటాయి. 2023లో వెలువడిన ఈ-మోటివ్ ప్రయోగంలో ఈ సంచితో కనిపెట్టి, గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్ (గర్భసంచిని బిగించే మందు), ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు), సలైన్, పరీక్ష ఒక్కసారిగా మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం వంటి ప్రమాదాలు 60 శాతం తగ్గాయి.

కాటా అయినా, జార్ అయినా, సంచి అయినా బయటికి వచ్చిన రక్తాన్నే కొలుస్తుంది. నాడి 110, పై బీపీ 100 ఉండి కాటా 400 చూపిస్తుంటే కాటాను నమ్మొద్దు. డ్రేప్ (రోగిపై కప్పిన గుడ్డ) కిందా, కడుపులోనా, గర్భసంచిలోనా వెతకాలి.