మెదక్ నుంచి డోర్నకల్ దాక, 38 మందిమి, ఒక బియ్యం డ్రమ్ము

మా చర్చి సంఘంల పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంటది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాల వేసుడు, నెల మొదటి ఆదివారం ఆ డబ్బా పట్టుకొచ్చి చర్చిల డ్రమ్ముల పోసుడు. ఎవరింట్లనన్న కష్టమొస్తే ఆ బియ్యం పోతయి, మిగిలితే వేలం పెట్టి ఆ పైసలు కానుకల్ల కలుపుతం. ఈసారి సంక్రాంతి సెలవుల్ల మెదక్, డోర్నకల్ చర్చిలు చూసొద్దామని అనుకున్నప్పుడు దారి ఖర్చు తగ్గాలంటే వంట మనమే చేసుకోవాలె, బియ్యం డ్రమ్ముల నుంచే తీయాలె అని స్త్రీల సమాజం వాళ్ళు తేల్చిన్రు. లెక్కలు నా నెత్తిన పడ్డయి కాబట్టి నేను ఒక్కటే అడ్డం చెప్పిన, ఆ బియ్యం అమ్మేసి ఒక మంచి సన్నబియ్యం బస్తా కొందాం అని, ఎందుకంటే ఆ డ్రమ్ముల నలభై ఇండ్ల బియ్యం ఉంటయి, ఒకరిది హెచ్‌ఎంటీ, ఒకరిది జైశ్రీరాం, ఒకరిది ఎప్పటిదో రేషన్ దొడ్డు బియ్యం (ఇప్పుడు రేషన్‌ల కూడా సన్నయే ఇస్తున్నరు గానీ పాతవి ఇంకా ఉన్నయి), పాతవి ఎక్కువ ఎసరు అడుగుతయి, కొత్తవి ముద్దయితయి, అన్నీ ఒక్క గంజుల పోస్తే ఎట్ల ఉడుకుతయి? నా మాట ఎవరూ వినలే. సరే.

మాది హన్మకొండల చిన్న సంఘం, పాత బాప్టిస్టు కుటుంబాలు కొన్ని, తర్వాత కలిసినోళ్ళు కొందరు, ఆదివారం డెబ్బై ఎనభై మంది వస్తరు. యాత్రకు 38 మందిమి తేలినం. గురువారం, శుక్రవారం బస్సుల మెదక్, శుక్రవారం రాత్రి ఎవరిండ్లకు వాళ్ళం, శనివారం పొద్దున రైలుకు డోర్నకల్, ఆదివారం అక్కడ ఆరాధన చూసుకొని రాత్రికి ఇంటికి, ఇదీ ప్లాన్. ప్రైవేటు బస్సు రెండు రోజులకు 27,000 అడిగిండు, మేడారం జాతర ముందర కాబట్టి ఈ టైంల రేట్లు ఇట్లనే ఉంటయి అన్నడు, బేరమాడితే 26,000కు ఒప్పుకున్నడు. మీరెవరన్న పోయేదుంటే జాతర ఏడాది జనవరిల బస్సు మాట్లాడకండి, నవంబర్‌లనే పోయిరండి.

పొద్దున ఆరింటికి అని చెప్తే బస్సు కదిలేసరికి ఏడున్నర. కాజీపేట దాటుతుంటే ఫాతిమానగర్ కేథడ్రల్ గోపురం చూపిస్తే పిల్లలు దిగుదాం అన్నరు, అది కేథలిక్కుల పెద్ద చర్చి, వరంగల్ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నీ) 1952ల ఏర్పడ్డది, ఇంటి పక్కనే ఉంటది కాబట్టి మాలో సగం మంది ఇంతవరకు లోపలికి పోలేదు, ఆ రోజు కూడా పోలేదు. హైదరాబాద్ రోడ్డు మీద కరుణాపురం దగ్గర క్రీస్తు జ్యోతి వాళ్ళ పెద్ద డోమ్ చర్చి బస్సులనుంచే చూసినం, ఆసియాలోనే పెద్దది అని చెప్పుకుంటరు, యూత్ అంతా ఫోన్లు పట్టుకొని కిటికీల మీద పడ్డరు. జనగామల చాయ, చేర్యాల మీదుగా సిద్దిపేట, అక్కడ ఒక హోటల్ల ఇడ్లీ, వడ, 38 మందికి 2,900 అయ్యింది, చట్నీ మాత్రం రెండోసారి అడిగితే మొఖం చూసిండు. అక్కడనుంచి రామాయంపేట మీద మెదక్. మొత్తం సుమారు 170 కిలోమీటర్లు.

మెదక్ చర్చి గురించి అందరికీ తెలిసిందే గానీ చెప్పకుండా ఉండలేను. చార్లెస్ వాకర్ పాస్నెట్ అని వెస్లియన్ మెథడిస్టు మిషనరీ, 1914ల మొదలుపెట్టి పదేండ్లు కట్టించిండు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ట. వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గోపురం 175 అడుగులు. కరువు కాలంల జనానికి ఉత్తగ గంజి పోసే బదులు పనిచ్చి తిండి పెట్టాలె అనుకొని ఈ కట్టుడు పెట్టుకున్నడని చెప్తరు. ఇది గైడ్ చెప్పిన మాట అయితే నేను ఒక చెవితో విని వదిలేస్తుంటి, కానీ మాతో వచ్చిన అవ్వ ఉంది కదా, ఎనభై రెండేండ్లు, మెదక్ పక్క ఊరి నుంచే హన్మకొండకు కోడలిగ వచ్చింది, వాళ్ళ తాత ఆ కరువుల ఇక్కడ రాళ్ళు మోసిండట. "మా తాతకు ప్రభువు ముందు దొరకలే బిడ్డా, ముందు బువ్వ దొరికింది" అన్నది. పెండ్లయినంక ఆమె లోపలికి అడుగుపెట్టుడు ఇదే మొదటిసారి.

మేం పోయేసరికి మధ్యాహ్నం దాటింది. చెప్పులు విడిచి లోపలికి పోయినం. మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు, ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు చేసినయి, బలిపీఠం వెనక యేసు పరలోకానికి ఆరోహణం, ఒక పక్క యేసు పుట్టుక, ఇంకో పక్క సిలువ. బయటి వెలుగు పడితేనే బొమ్మ కనబడతది, పొద్దుగూకితే అద్దం నల్లగయితది అంతే, లోపల ఎన్ని లైట్లు వేసినా రాదు. మావోళ్ళు పది నిమిషాల్ల సెల్ఫీలు దిగి బయటికొచ్చిన్రు, అవ్వ మాత్రం పుట్టుక అద్దం ముందర కింద కూసుంది. సగం మబ్బు పట్టి ఉండె, బొమ్మ మసకగ ఉంది. ఎండ వచ్చేదాక ఉంట అన్నది. డ్రైవర్ హారన్ కొడుతున్నడు, పిల్లలు ఐస్‌క్రీం అంటున్నరు, నేను పోయి "అవ్వా, ఫోన్ల మంచి ఫొటో ఉంది చూపిస్త రా" అన్న. ఆమె నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది. నలభై నిమిషాలకు మబ్బు తొలిగింది. నేను వర్ణించను, మీరు పోయి చూడండి, కానీ మబ్బు లేని రోజు చూసుకొని పోండి, మధ్యాహ్నం మూడు తర్వాత ఒక గంట ఖాళీ పెట్టుకోండి.

ఇక స్టే. మెదక్‌ల ఒక లాడ్జ్‌ల ఫోన్ మీద పది రూములు, రూముకు 1,200 అని మాట్లాడుకొని 3,000 అడ్వాన్సు కొట్టిన. పోయినంక ఆరే ఉన్నయి అన్నరు, పెండ్లోళ్ళు వచ్చిన్రట. ఒక రూముల ఫ్యాన్ తిరగది, ఇంకోదాంట్ల బాత్రూం తలుపుకు గొళ్ళెం లేదు, వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడు దాకే. అడ్వాన్సు వాపస్ అడిగితే మేనేజర్ రేపు వస్తడు అన్నరు. లాడ్జ్ పేరు చెప్పను గానీ ఎవరైన పోయేదుంటే పైసలు కొట్టేముందు వీడియో కాల్ చేసి రూములు చూపియ్యమనండి. మా పాస్టరు అయ్యగారు ఆ ఊర్లో తెలిసిన ఒక విశ్వాసికి ఫోన్ చేస్తే అరగంటల ఆటో వచ్చింది, ముసలోళ్ళను ఆరుగురిని వాళ్ళింటికి తీసుకపోయి, కొత్త బెడ్‌షీట్లు వేసి, పొద్దున జొన్నరొట్టె పెట్టి పంపిన్రు. వాళ్ళది మెథడిస్టుల నుంచి వచ్చిన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, కొన్ని సంఘాలు కలిసి ఒక్కటయినది), మాది బాప్టిస్టు, జీవితంల ఒకరినొకరు చూసుకోలే. రివ్యూ ఇయ్యమంటే లాడ్జ్‌కు ఐదుకు ఒకటి, ఆ ఇంటికి ఎంతిచ్చినా తక్కువే.

శనివారం వరంగల్ స్టేషన్ల పొద్దున బండి ఎక్కినం. జనరల్ టికెట్ మనిషికి వంద కూడా కాలే, బస్సు 26,000 కట్టిన చేతులతోటి ఆ టికెట్లు కొంటుంటే మస్తు హాయనిపించింది. నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల, డోర్నకల్. బియ్యం మూట, గంజులు, గరిటెలు, సకినాల డబ్బాలు అన్నీ సీట్ల కింద. టీసీ అయ్య మూటను చూసి ఏందమ్మా ఇది అంటే పిన్నమ్మ ఆయనకు నాలుగు సకినాలు చేతిల పెట్టింది, ఇంకేం అడగలే.

డోర్నకల్ అంటే మనకు జంక్షన్, భద్రాచలం రోడ్డు లైను అక్కడనే చీలుతది, అంతకుమించి ఎవరికీ పెద్దగ తెలువదు. కానీ తెలుగు క్రైస్తవుల చరిత్రల అది చిన్న ఊరు కాదు. వి.ఎస్. అజరయ్య అని తిరునెల్వేలి జిల్లా మనిషి, 1909ల ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొని ఊర్లు తిరిగిండు, 1912 డిసెంబర్ 29న కలకత్తల బిషప్ అయ్యిండు, ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ట అయ్యింది. దూరం నుంచి గుమ్మటాలు చూస్తే మసీదు లెక్క, దగ్గరికి పోతే రాతి స్తంభాలు గుడి మండపం లెక్క, లోపల సిలువ. మెదక్ చర్చి చూసి వచ్చిన కండ్లకు ముందు చిన్నగ అనిపిస్తది. నాకైతే ఇదే నచ్చింది, మెదక్‌ల తలెత్తి చూసి మెడ నొప్పి పుట్టింది, ఇక్కడ స్తంభానికి ఒరిగి కూసోవచ్చు. యూత్ మాత్రం మెదక్‌కే ఓటేసిన్రు, ఫొటోలు అక్కడనే మంచిగొస్తయట.

ఆయన సమాధి ఆ ఆవరణలనే ఉంది. అక్కడ నిలబడి అయ్యగారు ఒక సంగతి చెప్పిండు, నాకు ఇంతకుముందు తెలువదు. 1919ల తమిళనాడు దిక్కు తరంగంబాడిల కూసొని అజరయ్య, ఇంకా కొందరు, ఆంగ్లికన్లు, మిగతోళ్ళు అందరం ఒక్క సంఘం కావాలె అని మొదలుపెట్టిన్రు, మెథడిస్టులు తర్వాత వచ్చి కలిసిన్రు. తర్వాత ఇరవై ఎనిమిదేండ్లు మీటింగులే మీటింగులు. ఆయన 1945 జనవరి 1న పోయిండు, సీఎస్‌ఐ 1947 సెప్టెంబర్ 27న అయ్యింది. మనం మొన్న చూసిన మెదక్, ఇవ్వాళ చూస్తున్న డోర్నకల్ ఒక్క సంఘం కింద ఉన్నయంటే దాని వెనక ఆయన ఉన్నడు, ఆయన మాత్రం చూడలే. బాప్టిస్టులం మనం అందుల కలవలేదు అనుకోండి, అని అయ్యగారే నవ్విండు.

బైబిల్ల ఆశను నిరీక్షణ అంటం కదా, సాయంత్రం పిల్లలను కూసోబెట్టి నిరీక్షణ అంటే ఏంది అని అడిగితే ఒకడు "నోటిఫికేషన్ కోసం చూసుడు" అన్నడు. వాళ్ళన్న డీఎస్సీకి చదువుతున్నడు లెండి. అందరం నవ్వినం, ఆ అన్న కూడా.

స్టే ఇక్కడ ఒక సంఘం వాళ్ళ హాలు, తెలిసినోళ్ళ ద్వారా దొరికింది, కిరాయి తీసుకోలే, కరెంటుకని మేమే 1,000 ఇచ్చినం. కింద జంపఖానలు, 38 మందికి రెండే బాత్రూంలు, దోమలు చెప్పొద్దు, జెట్ కాయిల్ ఎనిమిది కాల్చినం. కానీ వాచ్‌మెన్ తాత నాలుగింటికే లేచి కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగల నీళ్ళు కాగబెట్టిండు, అందుకని ఐదుకు నాలుగు ఇస్త.

ఆ రాత్రి సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పుకునుడు. గల్ఫ్‌ల పదకొండేండ్లు చేసి అప్పుతోటే తిరిగొచ్చిన అన్న ఒకాయన లేచిండు, మామూలుగ ఎప్పుడూ మాట్లాడడు. మాట్లాడింది కూడా రెండు ముక్కలే, వచ్చినంక మూడు నెలలు ఇంట్లకెళ్ళి బయటికి రాలేదు, ఎవరూ ఏమీ అడగలే, అది మంచిగనిపించింది అన్నడు. తర్వాత మా వదిన లేచింది. మా అన్నకు కిడ్నీలు పోయి రెండేండ్లయింది, వారానికి మూడుసార్లు డయాలసిస్, మా యూత్ గ్రూపుల వాట్సాప్‌ల డ్యూటీ చార్ట్ ఉంటది, సోమవారం ఎవరి బండి, బుధవారం ఎవరి బండి అని. ఇప్పటిదాక ఒక్క రోజు తప్పలే. వదిన ప్రభువుకు స్తోత్రం అని మొదలుపెట్టి, ఆ పిల్లల పేర్లు ఒక్కొక్కటి చదువుతుంటే గొంతు పట్టింది, ఒక పేరు మరిచిపోయింది, ఆ పిల్లగాడు వెనక నుంచి "నేను పెట్రోల్ పైసలు అడగలే అందుకే మరిచిపోయినవ్" అని అరిచిండు.

బియ్యం సంగతి. శనివారం మధ్యాహ్నం ముగ్గురు అక్కలు పదిహేను కిలోలు కడిగి పొయ్యి మీద పెట్టిన్రు, నేను పక్కన నిలబడి చూస్తున్న, చూడండి నేను చెప్పలేదా అనడానికి రెడీగ. అవ్వ వచ్చి ఆ బియ్యం చేతిలకు తీసుకొని ఒక్కో గింజ వేరు చేసి చూసింది. ఇది పొడుగుది, ఇది పాతది, ఇది ఎవరింట్లదో పురుగు కూడా ఉంది, అని. ఎసరు తక్కువ పోయించి, సగం ఉడికినంక మంట తీసి, తడిబట్ట కప్పి మూత పెట్టి, మూత మీద నిప్పులు పెట్టి ఇరవై నిమిషాలు ముట్టనియ్యలే. అన్నం ఎట్లుందంటే, నిజం చెప్పాలె కదా, అక్కడక్కడ ముద్ద, అక్కడక్కడ పలుకు. పచ్చిపులుసు, కోడికూర పోసుకుంటే ఎవరికీ ఏం తెలువలే, నేను రెండుసార్లు పెట్టించుకున్న. అజరయ్య కాలంల ఈ డయాసిస్‌ల కూడా ఆడోళ్ళు ఇట్లనే పిడికెడు బియ్యం తీసిపెట్టి చర్చికి తెచ్చేవాళ్ళట, ఆదివారం ఆరాధన అయినంక అక్కడి పెద్దాయన చెప్పిండు. నేను ఇన్నేండ్లు అది మా నానమ్మోళ్ళ అలవాటు అనుకుంటున్న.

మొత్తం లెక్క: మనిషికి 1,650 వసూలు చేస్తే 1,580 అయ్యింది, లాడ్జ్ అడ్వాన్సు పోయిందనుకొని ఆ లెక్కనే రాసిన. బియ్యం తొమ్మిది కిలోలు మిగిలితే తెచ్చి మళ్ళీ డ్రమ్ముల పోసినం. ఈ ఆదివారం మూత తీసి చూస్తే ఎవరో బాస్మతి కూడా పోసిన్రు. ఇగ ఆ అన్నం ఎట్ల ఉడుకుతదో అవ్వకే తెలువాలె.